పెదవి అంచు

అక్క పోయిన రోజు చెల్లెలు రాలేదు. కబురు అందింది, కారు ఉంది, దారి తెరిచే ఉంది. అయినా రాలేదు. ఆపరేషన్ గదిలో ఎవరి ముఖమో కుట్టుకుంటూ ఉండిపోయింది. అంతా ముగిసి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక వచ్చి గుమ్మంలో నిలబడింది. అక్క భర్త వడ్రంగి. ఆమె ముఖం మీదే తలుపు వేశాడు.

ఆ చెల్లెలు ఆయనకు మరదలు. ముఖాలకు ఆపరేషన్లు చేసే డాక్టరు. వాలిన బుగ్గలు ఎత్తుతుంది, వంకర ముక్కులు సరిచేస్తుంది, తెగిన చెవులు అతుకుతుంది. ఆ రోజు నుంచి ఆయన ఆమెతో మాట్లాడలేదు. ప్రస్తావన వస్తే "ముఖాల మేస్త్రీ" అనేవాడు, అదీ మూతి తిప్పి. కలప డిపోలో, టీ కొట్టు దగ్గర, ఎవరు దొరికితే వాళ్ళకు ఈ కథ చెప్పేవాడు. విని విని మంగలి ఊ కొట్టడం కూడా మానేశాడు. "తల కొంచెం వంచండి" అని మాత్రం అనేవాడు.

కూతురు ఇల్లు పక్క సందులోనే. దాని కూతురు బడి అయ్యాక తాత షెడ్డుకు వచ్చేస్తుంది. దానికి బడిలో ఏదో పేరుంది కానీ అందరూ పిలిచేది పిడుగు అనే. ఆ సాయంత్రం పిడుగు సైకిలు ఎక్కి సందు చివరి దాకా పోయింది. అక్కడ రోడ్డు వేయడానికి కంకర పోసి ఉంది. చక్రం జారింది. పిల్ల బుగ్గ కంకర మీద గీరుకుపోయింది, బ్రేకు కమ్మీ పైపెదవికి తగిలి నిలువునా చీల్చింది.

వడ్రంగి కంగారుపడలేదు. ఉలి తగిలినా, రంపం కోసినా ఆయనకు ఒకటే వైద్యం. నీళ్ళతో కడగడం, రెండు అంచులూ దగ్గరకు నొక్కడం, చిటికెలో పట్టే జిగురు చుక్క వేయడం. ఆయన వేళ్ళన్నీ అలా అతికినవే. పిల్ల పెదవికీ అదే చేశాడు. రక్తం ఆగింది. చేసిన పని చూసుకుని కాస్త గర్వపడ్డాడు కూడా.

కూతురు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఏం పూశావ్ నాన్నా?"

"జిగురు."

"జిగురా? కుర్చీలకి పూసేదా?"

"నా వేళ్ళకి పూస్తే ఊడిపోయాయా ఏమన్నా?"

"నీ వేళ్ళు ఎవరు చూస్తారు నాన్నా! ఇది మొహం!"

కూతురు పిల్ల గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. అప్పుడు వడ్రంగికి కనిపించింది. పెదవి ఎరుపు మొదలయ్యే గీత ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి ఉంది. సన్నని మెట్టులా. సొరుగు వెంట్రుక వాసి తేడాగా కూర్చుంటే ఊడదీసి మళ్ళీ చేసే మనిషి ఆయన. మనవరాలి మూతిని మాత్రం ఎగుడుదిగుడుగా అతికించి పెట్టాడు.

"పిన్ని దగ్గరికి పోదాం," అంది కూతురు.

"ఊళ్ళో ఇంకెవరూ లేరా?"

"ఉన్నారు. ఆవిడంత బాగా చేసేవాళ్ళు లేరు. నీ పంతం కోసం దీని మూతి ఇలాగే ఉంచమంటే చెప్పు, ఉంచేద్దాం."

వడ్రంగి లోపలికి వెళ్ళి చొక్కా తొడుక్కున్నాడు.

ఆసుపత్రి అంటే రంగు పూసుకున్న ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉంటారని అనుకున్నాడు. అలాంటివాళ్ళు ఉన్నారు కూడా. ఒకామె నల్లకళ్ళద్దాల వెనక దాక్కుని ఉంది, ఒకాయన ముక్కు మీద పలక లాంటి కట్టుతో నోటితో ఊపిరి పీలుస్తున్నాడు. గోడలకు బొమ్మలున్నాయి, గడియారం ఉంది, అద్దం మాత్రం ఎక్కడా లేదు. పక్క కుర్చీలో బుగ్గ సగం కాలి మాడిన మనిషి వడ్రంగిని చూసి కన్ను కొట్టాడు. వడ్రంగి ముఖం తిప్పుకున్నాడు.

"తప్పుగా అనుకోకండి పెద్దాయనా," అన్నాడు ఆ మనిషి. "నేను వంటవాణ్ణి. నూనె మీద పడింది. ఈ రెప్ప కాలిపోయింది. ఎన్నాళ్ళో కన్ను తెరుచుకునే పడుకున్నా. డాక్టరమ్మ చెవి వెనక తోలు తీసి కొత్త రెప్ప చేసింది. మూతపడుతోందా లేదా అని రోజంతా ఎవర్నో ఒకర్ని చూసి పరీక్ష చేసుకుంటున్నా. నిన్న మా ఆవిడ కూడా చెంప పగలగొడతానంది."

పిడుగు నవ్వబోయి, పెదవి లాగడంతో ఏడ్చింది. వడ్రంగి ఆ రెప్పకేసి చూశాడు. చూడకూడదనుకుని మళ్ళీ చూశాడు. అతుకు ఎక్కడుందో దొరకలేదు.

మరదలు బయటికి వచ్చింది. జుట్టు నెరిసింది. ఆయన్ని చూసి ఒక్క క్షణం ఆగింది, అంతే. మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల ముఖం చూసింది.

"ఎవరు అతికించారు?"

కూతురు తండ్రి వైపు చూసింది. తండ్రి గోడ వైపు చూశాడు.

"మనిషనుకున్నారా బావా, మంచం కోడనుకున్నారా?" అంది మరదలు. "మేమూ జిగురు వాడతాం లెండి, మా జిగురు వేరు. అది కూడా పెదవికి వాడం, మట్టి పడ్డ గాయం మీద అసలు వాడం. దీన్ని లోపలికి తీసుకురండి. తల ఎవరో ఒకరు పట్టుకోవాలి."

రక్తం చూస్తే కూతురికి కళ్ళు తిరుగుతాయి. కాబట్టి వడ్రంగే వెళ్ళాడు.

ఆ గది ఆయన షెడ్డు కంటే చిన్నది. సామాను ఆయన సామానులాగే దేని చోటులో అది ఉంది. అది చూడగానే ఆయనకు తెలియకుండానే భుజాలు వదులయ్యాయి. మరదలు జిగురు మీద ఏదో లేపనం దట్టంగా పూసి వదిలేసింది. అది మెత్తబడేలోగా బుగ్గ మీద మొద్దుబార్చే మందు రాసి, మెత్తని బ్రష్షుతో గీరుడుగాయాన్ని తోమింది. కంకర పొడి, తారు నలుసులు ఒక్కొక్కటే లేచి వచ్చాయి.

"కడిగా కదా నేను," అని గొణిగాడు ఆయన. గోడతో అన్నట్టు అన్నాడు.

"పైపైన కడిగారు," అంది నర్సు. "ఇవి లోపల ఉండిపోతే తోలు మూసుకున్నాక నీలం చుక్కలై కనిపిస్తాయి తాతగారూ. జన్మంతా పోవు."

నలుసు ఇక లేదని నర్సు చెప్పినా మరదలు వినలేదు. దీపం పక్కకు వంచి ఇంకోసారి చూసింది. ఇంకొకటి దొరికింది.

ఆ తర్వాత జిగురు పొరలా ఊడి వచ్చింది. చీలిక తెరుచుకుంది. మరదలు సూది అందుకుంటుందనుకున్నాడు. ఆమె సన్నని కలం అందుకుంది. పెదవి ఎరుపు ఆగి తోలు మొదలయ్యే గీత మీద, చీలికకు ఈ పక్కొక చుక్క, ఆ పక్కొక చుక్క పెట్టింది. అప్పుడుగానీ మత్తుసూది ఇవ్వలేదు. మందు ఎక్కగానే పెదవి ఉబ్బి గుండ్రమైంది. గీత కనబడకుండా పోయింది. చుక్కలు మాత్రం ఉన్నాయి.

వడ్రంగికి ఎవరూ చెప్పక్కర్లేదు. తడిస్తే ఉబ్బే చెక్క మీద గుర్తు ముందే పెట్టుకోవాలి. ఉబ్బాక కొలిచేవాడు పనివాడు కాడు. తన పెళ్ళయిన కొత్తలో ఈ మరదలు అక్క కొంగు పట్టుకుని తిరిగేది, గుండీ కుట్టమంటే వేలికి గుచ్చుకుని ఏడ్చేది. ఆ చెయ్యి ఇప్పుడు ఊపిరి పీల్చినంత నెమ్మదిగా కదులుతోంది. లోపలి కండకు ఒక కుట్టు వేసింది. పైన మొదటి కుట్టు సరిగ్గా ఆ రెండు చుక్కల దగ్గర వేసింది. దారం వెంట్రుక కంటే సన్నం. ముడి బిగించి చూసి, కత్తిరించి పారేసి, మళ్ళీ వేసింది. ఆయనకు మొదటిది కూడా బాగానే కనబడింది. ఆమెకు కనబడలేదు.

'తప్పు చూడగలిగింది,' అనుకున్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు లేదు. అది కూడా నోటిదాకా రానివ్వలేదు.

రెండో కుట్టుకు సూది గుచ్చుతుండగా తలుపు తెరుచుకుంది. ఇంకో నర్సు. "మేడమ్, ఇంటి నుంచి మీవారు ఫోను చేశారు. మీ అత్తగారు బాత్రూమ్‌లో పడిపోయారట. స్పృహ ఉందట కానీ లేవలేకపోతున్నారట. మిమ్మల్నే పిలుస్తున్నారట. సార్ ఉన్నపళంగా రమ్మంటున్నారు."

మరదలు చెయ్యి ఆగింది. సూది తోలులోనే ఉంది.

"మాట్లాడుతున్నారా?"

"మాట్లాడుతున్నారట. ఏడుస్తున్నారట."

మరదలు ముఖం మీద గుడ్డ ఉంది, కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. అవి తలుపు వైపు వెళ్ళాయి. పిడుగు పెదవి సగం మూసి సగం తెరిచి ఉంది. ఇప్పుడు లేచి వెళ్తే మత్తు దిగిపోతుంది, వాపు పెరుగుతుంది, ఇంకెవరో వచ్చి పూర్తిచేస్తారు. చేస్తారులే. ఏదో ఒకలా చేస్తారు.

"వెళ్ళకు," అన్నాడు వడ్రంగి.

ఆ మాట ఆయన అన్నదేనని ముందు ఆయనకే తెలియలేదు. ఇన్నేళ్ళలో మరదలితో ఆయన అన్న మొదటి మాట అది.

మరదలు తలెత్తలేదు. "తల గట్టిగా పట్టుకోండి బావా," అంది. తలుపు దగ్గర నర్సుతో, "సార్‌ని అంబులెన్స్ పిలవమను. అత్తయ్యని లేపొద్దు, తుంటి విరిగిందేమో, ఎలా పడ్డారో అలాగే ఉంచమను. నేను ఇది పూర్తిచేసి వస్తా," అంది.

సూది కదిలింది. తొందర లేదు. వడ్రంగి ఆ తొందర లేకపోవడాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఇంటి దగ్గర ముసలామె నేల మీద పడి పేరు పెట్టి పిలుస్తోందని తెలిసి కూడా ఆ చెయ్యి ప్రతి ముడికీ అంతే సమయం ఇచ్చింది. చివరి కుట్టు మొదటి కుట్టంత సన్నగా వేసింది. అప్పుడు తొడుగులు లాగేసి, గడప దగ్గర చెప్పులు తారుమారు చేసుకుని, అలాగే పరుగెత్తింది.

పిడుగు పెదవి మానింది. కుట్లు తీశాక గీత ఒకటే గీత. వెలుతురులో పెట్టి, గోరుతో తడిమి, వడ్రంగి వెతికాడు. మెట్టు దొరకలేదు. బుగ్గ మీద నీలం చుక్క ఒక్కటీ లేదు. మంగలి కూడా చూసి, "ఎవరు చేశారండీ, బంగారం లాంటి చెయ్యి!" అన్నాడు. "చేసినవాళ్ళు చేశారు," అన్నాడు వడ్రంగి.

మరదలి అత్తగారి తుంటి నిజంగానే విరిగింది. ఆపరేషన్ అయింది, ప్రమాదం లేదు. కానీ ఆమె కోడలితో మాటలు మానేసింది. చూడవచ్చిన వాళ్ళందరికీ మంచంలోంచే చెబుతోంది, నేను నేల మీద చస్తుంటే ఎవరి మూతో కుట్టుకుంటూ కూర్చుందని. ఈ సంగతి కూతురు తెచ్చి చెప్పింది. "నీ పాటే నాన్నా, అక్షరం మారలేదు," అంది.

వడ్రంగి ఆ పూట భోజనం సరిగా చేయలేదు. మర్నాడు పొద్దున్నే మరదలి ఇంటికి వెళ్ళాడు. మరదలు ఆసుపత్రికి వెళ్ళిపోయింది. ముసలామె దిళ్ళకు ఆనుకుని కూర్చుని ఉంది.

"రా నాయనా, రా. నీకు తెలియంది కాదు నా కోడలి సంగతి. నీ పెళ్ళాం పోతేనే రాలేదు, ఇక నేనెంత?"

"ఆ మూతి నా మనవరాలిది పెద్దమ్మా. లేవబోతుంటే వెళ్ళకు అని ఆపింది నేను. తిట్టాలనుకుంటే నన్ను తిట్టండి."

ముసలామె కళ్ళు చిన్నవి చేసింది.

"ఓహో. నీ మనవరాలైతే ఆగాలి. మరి నీ పెళ్ళాం పోయిన రోజు ఆపరేషన్ బల్ల మీద పడుకున్నది ఎవరి మనవరాలో? ఎప్పుడన్నా అడిగావా?"

అడగలేదు. ఇన్నేళ్ళలో ఇంతమందికి చెప్పాడు కానీ, ఆ రోజు బల్ల మీద ఉన్నది ఎవరని ఒక్కసారీ అడగలేదు.

"ఏం నాయనా, పలకవే? ఊరంతా చాటింపు వేసినవాడివి కదా. ఆ రోజు రాకపోవడం తప్పా, ఒప్పా? ఇప్పుడు చెప్పు."

వడ్రంగి లేచాడు. "తప్పనీ అనను, ఒప్పనీ అనను పెద్దమ్మా. దాని గురించి ఇక నోరెత్తను. మీ దగ్గరా, ఎవరి దగ్గరా."

"మీ మరదలి దగ్గర?"

"అక్కడ అసలే ఎత్తను," అని చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. ఆ తర్వాత ఎవరు ఎంత కదిపినా ఆ మాట ఆయన నోట మళ్ళీ రాలేదు.