పదో మ్యాచ్

దశరథ్ అప్పటికే మైదానం చుట్టూ ఒక రౌండు వేసి, గోల్ వలలో చిరుగులు వెతికి, మూలల్లోని జెండా కర్రలను కదిపి చూశాడు. తుంపర పడుతోంది. నలభై మూడేళ్ల మనిషి, కొంచెం బొజ్జ, నల్ల చొక్కా పొట్ట దగ్గర బిగుతు. వారమంతా ఫ్యాక్టరీలో బ్రేకు డిస్కుల పగుళ్లు వెతుకుతాడు. ఆదివారమొస్తే పన్నెండేళ్ల పిల్లల ఆటలో తప్పులు పట్టుకుంటాడు.

జర్మనీలో ప్రతి ఫుట్‌బాల్ క్లబ్బూ లీగుకు ఇంతమంది రెఫరీలను ఇవ్వాలి. ఇవ్వకపోతే పాయింట్లు కోస్తారు. ఎమ్మెస్ రోజుల్లో దశరథ్ చేరిన యూనివర్సిటీ క్లబ్బులో ఆడటానికి అందరూ సిద్ధమే, తిట్లు తినడానికి మాత్రం ఒక్కడూ లేడు. సరే, నేను చేస్తానన్నాడు. ఎనిమిదేళ్లు చేశాడు. అట్టడుగు లీగు నుంచి క్లబ్బు మూడు మెట్లెక్కింది. క్లబ్బు ఆడే ప్రతి ఆదివారం అతను ఏదో పల్లెటూళ్లో ఈల వేస్తుండేవాడు కాబట్టి ఆ ఎక్కడాన్ని కళ్లారా చూసిందే లేదు. మొన్న వేసవిలో, కరోనా వల్ల ఆటలు మధ్యలో ఆపేసి, పట్టికలో ముందున్న వాళ్లను పైలీగుకు పంపారు. ఆ సంబరం ఫొటోలో జెర్సీలు ఉతికే ఆవిడ కూడా ఉంది, దశరథ్ లేడు. పిలిస్తే కదా!

ఆ ఆదివారం పొద్దున ఇంట్లోంచి బయల్దేరుతుంటే భార్య ఊర్మిళ తలుపుకు అడ్డం నిలబడింది.

"కేసులు గింతగనం పెరుగుతుంటే ఎందుకు పోవుడు? ఆ క్లబ్బోళ్లకు మీ పేరన్న తెలుసా?"

"సీజన్‌ల పది మ్యాచులు చేస్తెనే నేను లెక్కలకొస్త. తొమ్మిదైనయి. వచ్చే వారం అన్నీ బందంటున్నరు. ఇయ్యాల పోకుంటే మా క్లబ్బు పోరగాళ్లకు పాయింట్లు పోతయి, మల్ల కిందికి దిగుతరు."

"దిగనియ్యుండ్రి."

అతను నవ్వి, మాస్కు తగిలించుకుని వెళ్లిపోయాడు.

రెండో సగంలో పెనాల్టీ ఇచ్చాడు. నిఖార్సయిన పెనాల్టీ, బంతి చేతికి తగలడం గట్టు మీది కుక్క కూడా చూసింది. ఒక పిల్లవాడి తండ్రి మాస్కు గడ్డం కిందికి లాగి, గీత దాటి వచ్చి, ముఖంలో ముఖం పెట్టి అరిచాడు. మీ దేశంలో అసలు బంతి ఉంటుందా అన్నాడు. ఉమ్మి దశరథ్ కళ్లద్దాల మీద పడింది. దశరథ్ అతన్ని బయటికి పంపి, అద్దాలు తుడుచుకుని, మిగిలిన పన్నెండు నిమిషాలూ ఆడించాడు. మధ్యలో వదిలేస్తే మ్యాచ్ లెక్కకు రాదు మరి.

సాయంత్రం ఇంటికొచ్చి, "పదైనయి" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

ఐదో రోజు జ్వరం. పదకొండో రోజు అంబులెన్స్. ఊర్మిళను లోపలికి రానివ్వలేదు. నవంబర్ నెలాఖరున, ఒక మంగళవారం మధ్యాహ్నం, ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. జబ్బు ఆ మైదానంలోనే అంటిందని ఎవరు రుజువు చేస్తారు? అడిగిన వాడే లేడు.

వసంతం వచ్చాక లీగు పెద్దలు తీరిగ్గా కూర్చుని ఆ సీజన్ మొత్తాన్నే రద్దు చేశారు. పాయింట్లు లేవు, కోతలు లేవు, ఎక్కడం లేదు, దిగడం లేదు. రెఫరీల లెక్క ఈ ఏడాదికి అడగబోమన్నారు. పదో మ్యాచ్ ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఆ వారమే క్లబ్బు నుంచి ఊర్మిళకు జర్మన్‌లో మెయిలొచ్చింది. పక్కింటి హారిక చదివి చెప్పింది: సంతాపం ఒక వాక్యం, రెఫరీ గుర్తింపు కార్డు వెనక్కి పంపమని మూడు వాక్యాలు.

"మనిషిని వాపస్ ఇయ్యమను, కార్డిస్త," అంది ఊర్మిళ. "గట్లనే రాయి."

బాల్కనీలో, ఆ ఆదివారం అతను తడి ఆరడానికి పేపరు ఉండలు కుక్కి పెట్టిన బూట్లు ఇంకా అలాగే ఉన్నాయి, అడుగున ఆ పల్లె మట్టితో, రెండు గడ్డిపోచలతో సహా.