కాగితంలో లేని మాట

సినిమా బాగుంది. నా ఒళ్లు మండేదే అక్కడ. చెత్త సినిమా అయితే నాలుగు తిట్టి మర్చిపోయేదాన్ని. బట్టలకు రంగులద్దే షెడ్డులో ఆడకూలీలకు తాళం వేసి పని చేయించే యజమాని కథ అది. ఎదురు చెప్పిన పిల్ల తలను అతను రంగు తొట్టిలో ముంచే సీను దగ్గర, పని చేస్తూ చేస్తూ నేనే ఏడ్చాను.

నా పని శబ్దాలు శుభ్రం చేయడం. షూటింగులో రికార్డయిన దాంట్లోంచి ఫ్యాను రొద, ఎవరిదో దగ్గు, డైరెక్టర్ అరుపులు ఏరి పారేయాలి. పక్కన డైలాగుల కాగితం పెట్టుకుంటాను. అందులో ఉన్న మాట ఉంటుంది, లేనిది పోతుంది. పదిహేనేళ్లుగా ఇదే తంతు. చేతికి అలవాటైపోయింది, బుర్రతో పనిలేదు.

ఆ పిల్లగా వేసిన కొత్తమ్మాయి డబ్బింగుకు వచ్చింది. ఆ సీను వేశాను. సగంలోనే హెడ్‌ఫోన్ తీసేసింది.

"అక్కా, ఇక్కడ నేనన్న మాటేది?"

"ఏం మాట?"

"ఊపిరాడట్లేదు, కట్ చెప్పండి సార్ అన్నాను. రెండుసార్లు. ఒక్కసారే ముంచుతామన్నారు, మూడుసార్లు ముంచారు. ఆ షాట్ తీసెయ్యమంటే, నువ్వేమీ అనలేదు, కావాలంటే సౌండ్ విను అంటున్నారు."

పాత ఫైలు తెరిచాను. నీళ్ల చప్పుడు మధ్య స్పష్టంగా ఉంది, రెండుసార్లూ. కాగితంలో లేదని నా చేత్తో నేనే తుడిచేశాను. కుర్చీ కిర్రుమన్నదీ, ఆ పిల్ల బతిమాలిందీ నాకు ఒకటే చెత్త అయింది. నా మీద నాకే అసహ్యమేసింది.

డైరెక్టర్ గదికి వెళ్లి వినిపించాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

"నువ్వు కూడా ఏడ్చావుగా ఆ సీనుకి? అది తీసేస్తే ఇంకేం మిగులుద్దమ్మా?"

"నిజంగా ఊపిరాడక కొట్టుకుంటోంది సార్ ఆ పిల్ల."

"అందుకే అంత బాగా వచ్చింది. వెళ్లి పని చూసుకో."

గోడకేసి తల బాదుకున్నా ఇంతకన్నా నయం. అప్పుడే నిర్ణయించుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం సినిమా కొనేవాళ్లకు షో ఉంది. నేను తుడిచేసిన ఆ మాటను మళ్లీ ఉన్నచోట ఉన్నట్టే పెట్టేశాను. ఆ అమ్మాయికీ చెప్పాను.

"అందరూ వింటారు. ఇక ఆ షాట్ ఉంచడానికి వాళ్లకి మొహం చెల్లదు."

"నిజంగా తీసేస్తారా అక్కా?"

"చచ్చినట్టు తీస్తారు."

షోలో ఆ అమ్మాయి వెనక వరుసలో నా చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది. సీను వచ్చింది. "ఊపిరాడట్లేదు, కట్ చెప్పండి సార్!" హాలంతా బిగుసుకుపోయింది. డైరెక్టర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నా కడుపు చల్లబడింది.

లైట్లు వెలగగానే ముందు వరుసలోంచి, కొనడానికి వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన లేచాడు.

"అబ్బ! కట్ చెప్పమని సినిమాలోనే అరిపించడమేంటండీ? ఎలా తట్టింది మీకు? ట్రైలర్లో ఇదే వేద్దాం!"

అందరూ చప్పట్లు. డైరెక్టర్ ఒక్క క్షణం అటూ ఇటూ చూశాడు, కర్చీఫుతో నుదురు తుడుచుకున్నాడు, నవ్వాడు.

"మీరెలా తీసుకుంటారోనని భయపడ్డానండి."

తర్వాత నావైపు తిరిగాడు. "ఇది ముట్టుకోకమ్మా. ఇలాగే ఉండాలి."

ఆ అమ్మాయి నా చెయ్యి వదిలేసింది.

"తీసెయ్యమనే కదక్కా నేనడిగింది," అంది.