జిరాఫును చూసినవాడు

మోకాళ్ల దాకా దిగబడి అబ్దుల్ గనీ ప్రెస్సు పెట్టెలో పత్తి తొక్కుతున్నాడు. పైనుంచి గంపలతో పోస్తుంటారు, కింద తొక్కుతుండాలి. గట్టిగా తొక్కితేనే బేలు కుదురుతుంది. అతని రెప్పలమీద, మీసాలమీద తెల్లటి నూగు. ఆదోని పత్తి మిల్లుల్లో సాయంత్రానికి అందరూ ముసలివాళ్లే.

ఆ రోజు గనీవి రెండు వంతులు. ఆ మిల్లులో సెలవంటే అంతే, రేపు రానివాడు తన బదులు తొక్కేవాడి వంతు ఇవాళే తొక్కిపెట్టాలి. రేపు గనీ పెళ్లాన్ని తీసుకుని పొద్దున బస్సుకు హైదరాబాదు జూకి పోతాడు. కాశప్ప అతని బదులు తొక్కుతాడు.

"కోతుల్ని సూసేకి అంతదూరం యాలప్పా? ఈడ లేవా?" పెట్టె అంచున కూర్చుని కాశప్ప నవ్వాడు.

"కోతులు కాదన్నా, జిరాఫు. మిద్దెంత ఎత్తుంటాది. కైరోలో సూసినా."

"ఔనౌను, రాజుల పీనుగుల్ని గూడా సూసినావంట!"

చూశాడు మరి! కుర్రతనంలో మసీదు జమాతు పెద్దలు చందాలేసి అరబ్బీ చదువుకని కైరో పంపారు. పాపం, ఒక్క ముక్క తలకెక్కలేదు. పాఠంలో కూర్చుంటే ఏడుపొచ్చేది. లేచి మ్యూజియంకి పోయి, గుడ్డలు చుట్టి పడుకోబెట్టిన రాజుల ముందు నిలబడేవాడు. అదీ విసుగెత్తితే జూకి. జిరాఫు అతన్ని ఏ భాషలోనూ ప్రశ్నలడగదు గదా! ఇంతలో తండ్రి పోయాడని కబురొస్తే తిరిగొచ్చేశాడు. అరబ్బీలో ఏదన్నా చెప్పమంటే నీళ్లు నమిలాడు. ఇంకేముంది, బొంబాయిలో మూటలు మోసి కైరో అంటున్నాడని ఊరు తేల్చేసింది. ఊరి సంగతి పోనీ. కౌతాళం నుంచి కాపురానికొచ్చిన మహమూదా బీ కూడా జిరాఫు మాటెత్తితే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. ఆ కొంగు చూస్తే గనీకి కడుపు రగిలిపోయేది. ఆమె ఒక్కసారి కళ్లారా చూస్తే చాలు, ఊరంతా నవ్వుకున్నా అతనికి బాధలేదు.

రెండో వంతు సగంలో దగ్గు తెర మొదలైంది. పెట్టె గోడ పట్టుకుని వంగిపోయాడు.

"దిగప్పా, మిగిలింది నేను తొక్కుతా. రేపు గూడా తొక్కుతాలే, ఊరికేనే."

"వద్దన్నా. ఊరి చందాతో పోయి నవ్వులపాలైనా. ఈసారి నా కాళ్లతో పోతా."

తొక్కడం పూర్తిచేశాకే ఇంటికి వెళ్లాడు. నీళ్లు పోసుకుని మంచమ్మీద గోడకు ఆనుకున్నాడు. పెదాలు నల్లబడ్డాయి.

"ఏమయ్యా, నిజంగా అంతెత్తు ఉంటాదా?" అంది మహమూదా బీ.

"రేపు సూస్తావు గదే."

ఆమె టీ పెట్టి తెచ్చి పిలిచింది. పలకలేదు. భుజం పట్టి కదిపింది. తల పక్కకు వాలిపోయింది.

మర్నాడు పొద్దున్నే మట్టిచేశారు. కాశప్ప జనాజా మోసి అట్నుంచటే మిల్లుకు పోయి, ఒప్పుకున్న ప్రకారం గనీ వంతు తొక్కాడు. తొక్కుతూనే ఏడ్చాడు.

పలకరించడానికొచ్చిన పక్కింటి ముత్తమ్మ గడప దగ్గర ఒక మూట చూసింది. "ఇదేందక్కా?"

"తుమ్మాకు. జిరాఫు అదే తింటాదని సెప్తాండె. ఎవుర్నన్నా సూడబోతే ఒట్టిసేతుల్తో ఎట్ల పోతాం?"

"అయితే నువ్వు నమ్మినావా?"

"నమ్మకుంటే కోసుకొస్తానా! నవ్వేది ఉత్త పరాచికానికే. ఆ మాట ఆయప్పతో అననే లేదు తల్లీ..." మహమూదా బీ నెత్తి బాదుకుంది.

పాత చీరముక్కలో కట్టిన లేత తుమ్మకొమ్మలు, ముళ్లన్నీ ఒక్కొక్కటే గిల్లేసినవి, గడప పక్కన వాడిపోతున్నాయి.