కారణం లేని జబ్బు

అతని భార్యను చంపింది దూది. అందులో వాదించడానికేమీ లేదు.

పరుపుల దుకాణం వెనకగదిలో ఆమె ఏళ్ల తరబడి బూజుపట్టిన పాత దూది విదిలించి ఏకింది. ముందుగదిలో అతను దబ్బనంతో పరుపులు కుట్టాడు. దుకాణం ఆమె తమ్ముడిదే. దూది ఎగిరి వీధిలో పోయేవాళ్ల బట్టలమీద పడుతోందని వెనకగది కిటికీకి మేకులు కొట్టించిందీ ఆ తమ్ముడే. ఇప్పుడు అదే గదిలో కొత్తగా చేరిన ఇద్దరు బిడ్డల తల్లి దగ్గుతోంది.

"ఆ కిటికీ తెరిపించరా" అన్నాడతను.

"అక్కది కారణం లేని జబ్బు బావా. డాక్టరే చెప్పాడు, నోరు తిరగని పేరొకటి. అంత పెద్ద పేరు మన దూదికెక్కడ వస్తుంది?"

అతను చదివింది ఊరిబడి వరకే. పేరు పెద్దదైతే తల వంచాలని ఆ బడిలో ఎవరూ చెప్పలేదు. తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్లి అర్థం అడిగాడు.

డాక్టరుకు హుషారు వచ్చింది. "ఇడియోపతిక్ పల్మనరీ ఫైబ్రోసిస్. మొదటిది గ్రీకు. ఇడియోస్ అంటే సొంతం, పాథోస్ అంటే బాధ. తనంతట తను పుట్టిన జబ్బన్నమాట. పుల్మో, ఫైబ్రా లాటిన్ మాటలు. ఊపిరితిత్తి, పోగు. ఊపిరితిత్తి పోగులు కట్టి గట్టిపడుతుంది."

"తనంతట తను పుట్టిందని ఎట్లా తెలిసింది?"

"కారణం దొరక్కపోతే అలా అంటాం. దుమ్ములో, బూజులో పనిచేసేవాళ్లయితే ముందు దాన్నే అనుమానించేవాళ్లం. ఆవిడకు మాట్లాడే ఊపిరే లేదు, ఇల్లు దాటి ఎరగదని వెంట వచ్చిన తమ్ముడుగారే చెప్పారుగా?"

అతను లేచాడు. దుకాణానికొచ్చి సుత్తి అందుకున్నాడు.

బావమరిది అడ్డొచ్చాడు. "డాక్టరేమన్నాడు బావా? నేనేం చెప్పలేదు ఆయనకి!"

"గుమ్మడికాయల దొంగెవరని నేనింకా అడగందే భుజాలు తడుముకుంటావేంరా?"

"దుకాణానికి చెడ్డపేరొస్తుందని..."

"మంచిపేరు నీ దుకాణానికి. జబ్బు మాత్రం మీ అక్క సొంతం. జరుగు!"

మేకులు కీచుమంటూ ఊడాయి. కిటికీ తలుపులు భళ్లున బయటి గోడకు కొట్టుకున్నాయి. దూది వీధిలోకి ఎగిరింది. ఎవరో తిట్టారు.

"మూసెయ్ బావా!"

"తిట్టనీ. మళ్లీ మేకు కొట్టావంటే తలుపులే పీకి పట్టుకుపోతా."

లోపల దగ్గుతున్నామె తన పీట కిటికీ దగ్గరికి జరుపుకుంది.

సాయంత్రం బావమరిది టీ తెచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు. "తప్పే బావా. నా మాట కూడా ఒకసారి విను."

అతను టీ ముట్టలేదు.

"కిటికీ తెరిచే ఉండాలి. మీ అక్క మాట ఇక నువ్వెత్తొద్దు, నేనెత్తను. చచ్చేదాకా అంతే."