ఓబులేసు నడుమున నేను

నేను ఒక పిస్తోలును. ఉత్తరాదిలో ఏదో కార్ఖానాలో పుట్టి, రాయలసీమలో ఒక పోలీసు ఆయుధాగారానికి చేరాను. మొదట నన్ను తగిలించుకున్న ఎస్సై పెళ్ళిళ్ళలో ఫొటోలు దిగడానికి తప్ప నన్ను ఒరలోంచి తీయలేదు. తర్వాత ఓబులేసు నడుముకెక్కాను.

ఓబులేసు పురుషోత్తం అనే నాయకుడికి గన్‌మన్. ఏళ్ళ తరబడి ఎండలో నిలబడి మోకాళ్ళు అరిగినవాడు. అతని తమ్ముడు మద్దిలేటి అదే నాయకుడికి కారు నడిపేవాడు. ఒకనాడు లారీ గుద్ది చనిపోయాడు. ప్రమాదమన్నారు. ఓబులేసు నమ్మాడు.

ఒక మధ్యాహ్నం కారులో, ముందు సీట్లో ఉన్నదెవరో మరచి, పురుషోత్తం ఫోనులో నవ్వాడు. "మన గుట్టు బయటపెడతానన్న మద్దిలేటికి ఏ గతి పట్టిందో ఇప్పుడు ఎదురు తిరిగినవానికీ అదే. ఇంకో లారీ చూడు."

కాపలావాడికి చెవులుంటాయని పెద్దమనుషులకు గుర్తుండదు. చెమట పట్టిన చేయి ఒకటి వచ్చి నా మీద పడింది.

అప్పటినుంచి ఆ చేతికి నిలకడ లేదు. నన్ను తడుముతుంది, పట్టుకుంటుంది, వదిలేస్తుంది. శత్రువు చేతికందే దూరంలోనే ఉన్నాడు. ఏ పూటైనా కాల్చవచ్చు. అందుకేనేమో ఏ పూటా కాల్చలేకపోయాడు. మద్దిలేటి భార్య సుంకమ్మకు మాత్రం నిజం చెప్పాడు.

"ఎప్పుడు బావా? వాడు ముసలోడై మంచాన సచ్చినంకనా?" అందామె.

"నేను చూసుకుంటా. నువ్వు పిల్లోళ్ళను చూసుకో."

ఆమె ఆగలేదు. మార్కెట్ యార్డులో పురుషోత్తం సభ జరుగుతుంటే పూలదండ పట్టుకుని వేదికెక్కింది. దండ కింద కొడవలి ఉంది. ఓబులేసు చూశాడు. కళ్ళు మూసుకుంటే చాలు, పగ తీరేది. కానీ తమ్ముని బిడ్డలకు తల్లి కూడా లేకుండా పోయేది. ఎగిరి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. కొడవలి అతని ముంజేతిని చీల్చింది.

"చూస్తావేందిరా, కాల్చు దాన్ని!" అరిచాడు పురుషోత్తం.

ఓబులేసు నన్ను తీశాడు. నా మూతి పురుషోత్తం గుండెకు ఆనింది.

"దీని మొగున్ని చంపించి, ఇప్పుడు దీన్నీ చంపమంటావా సామీ?"

"మద్దిలేటిని చంపమన్లేదురా! లారీతో కాళ్ళు ఇరగ్గొట్టమన్నా, అంతే..."

ముందున్న మైకు ఆ మాటను యార్డంతా వినిపించింది. ట్రిగ్గరు మీద వేలు బిగుసుకుంది. నాలో తూటా సిద్ధంగా ఉంది. చాలాసేపటికి ఆ వేలు సడలింది. ఓబులేసు నన్ను బందోబస్తుకొచ్చిన ఎస్సై చేతికిచ్చి నేలమీద కూలబడ్డాడు.

అతని ఉద్యోగం పోయింది. నేను సాక్ష్యపు వస్తువునై బీరువాలో పడ్డాను. సభలో విన్నవాళ్ళలో చాలామంది తర్వాత మైకు సరిగా లేదన్నారు. అయినా పురుషోత్తం మీద మద్దిలేటి హత్య కేసు నడిచింది. ఒక వాయిదాకు నన్ను కోర్టు బల్లమీద పెట్టారు.

పురుషోత్తం వకీలు సాక్షిగా వచ్చిన ఓబులేసును ఎగతాళిగా అడిగాడు: "అంత పగ ఉన్నవాడివి ఎందుకు కాల్చలేదయ్యా?"

ఓబులేసు నా వంక చూడనైనా లేదు.

"కాల్చింటే ఆ బోనులో నేనుండేటోన్ని సార్. ఇప్పుడు ఆయనుండాడు."