ఎండబెట్టిన మొక్క

వదిన ఊరెళ్తూ, బాల్కనీలో కుండీలో పెంచుకున్న పసుపు అడవిపూల మొక్కని మరిదికి అప్పగించింది. అతనికి కింద వీధిలో లాండ్రీ ఉంది.

"నీళ్ళు ఎక్కువ పొయ్యకు. దానికి ఎండంటే ప్రాణం. బాగా ఎండబెట్టు," అంది, హడావిడిగా చెప్పులేసుకుంటూ.

ఎండబెట్టడంలో అతన్ని మించినవాడు లేడు. మొక్కని మొదలుకంటా కోసి, చొక్కాల పక్కన తీగకి తలకిందులుగా క్లిప్పు పెట్టాడు. రెండోవైపు పచ్చిగా ఉండిపోతుందని మధ్యాహ్నం తిప్పాడు కూడా.

తిరిగొచ్చిన వదిన తీగకేసి చూసింది, తర్వాత కుండీకేసి చూసింది.

"ఎండలో పెట్టమన్నాను కదయ్యా!"

"ఎండబెట్టమన్నావు, వదినా."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని వదినకి గుర్తొచ్చింది. కోపం మాత్రం చల్లారలేదు. మట్టి కుండీని కాలితో ఎండ పడే మూలకి నెట్టేసింది.

అది ఏటేటా వేరునుంచి మళ్ళీ లేచే జాతి. వానలు వెలిశాక మట్టిలోంచి పచ్చగా పిలకలు వచ్చాయి. ముందు చూసింది మరిదే.

"వదినా, బతికింది! ఈసారి ఏం చెయ్యమంటావు?"

"ఎండ... లో... పెట్టు," అంది వదిన, విడదీసి. "ఆ 'లో' మింగెయ్యకు."

మింగింది ఆవిడే.