ఒక్క నోటికి ఒక్క పఫ్

చల్లటి పిండి.

చన్నీళ్లతో కలిపి, డాల్డా పూసి, మడిచి, మళ్లీ వత్తి, మళ్లీ మడిచి, ఫ్రిజ్‌లో గంటసేపు ఉంచిన మైదా. అరచేతి కింద చల్లగా, బరువుగా...

కిటికీ బయట ఆగస్టు వాన. బీరంగూడ గుట్ట మీదికి మబ్బు దిగి ఉంది.

సావిత్రమ్మ పిండి మీద చెయ్యి ఆనించి నిలబడింది. వత్తలేదు. ఊరికే ఆనించింది.

ఈ రోజు తన పండుగ.

ఇంట్లో పండుగలు కొత్త కాదు. వ్రతాలు చేసింది. ఇద్దరు బిడ్డల పెళ్లిళ్లు చేసింది. మనవడికి పుట్టువెంట్రుకలు తీయించింది. ప్రతిసారీ ఎవరి కోసమో వండింది. ఎవరి పేరో చెప్పి పిలిచింది.

యాభై ఒకటో ఏట, మొదటిసారి, తన పేరు చెప్పి పిలిచింది.

సావిత్రమ్మ పదో తరగతి పాసైంది.

రెండేళ్లు. సాయంత్రం పూట, బడి పిల్లలు వెళ్లిపోయాక, అదే గదిలో, అవే చిన్న బెంచీల మీద పదకొండు మంది ఆడవాళ్లు. కంపెనీ షిఫ్టు దిగి వచ్చేవాళ్లు కొందరు. పొలం నుంచి కాళ్లు కడుక్కొని వచ్చేవాళ్లు కొందరు. రిటైరైన భీమశంకరం సారు చెప్పిన ఓపెన్ స్కూల్ పాఠాలు. సన్నగా గీసుకుపోయే సుద్దముక్క చప్పుడు... మోకాళ్లు పట్టని బెంచీలు...

"యాభై ఏండ్లకు పాసైతే పండుగ ఎందుకే? మంది నవ్వుతరు," అన్నాడు భర్త కాశీనాథ్. పటాన్‌చెరులో ఆయనకు పప్పుల దుకాణం.

"నవ్వనియ్యి. నవ్వుకుంట తింటరు," అంది సావిత్రమ్మ.

చిన్న పఫ్‌లు చేద్దామనుకుంది. హైదరాబాదులో ఎవరిదో పెళ్లి విందులో చూసింది, తాంబాళం నిండా రెండు వేళ్లంత పఫ్‌లు. ఒక్కొక్కటి ఒక్క నోటికి. చిన్నవే ఎందుకో ఆమెకు తెలుసు. పెద్దది పెడితే ఈ ఆడవాళ్లు మొహమాటపడతారు. సగం తుంచి, సగం పళ్లెంలో వదిలేసి, చాలు చాలంటారు. చిన్నదైతే ఎవరూ చూడకముందే నోట్లోకి వెళ్తుంది. చెయ్యి ఇంకోదాని మీదికి పోతుంది.

సారుతో కలిపి పది మందిని నోటితో పిలిచింది.

ఒక్కరిని పిలవలేకపోయింది.

శివమ్మ.

లక్డారం నుంచి వచ్చేది శివమ్మ. మందుల కంపెనీలో ప్యాకింగు పని. రెండేళ్లూ సావిత్రమ్మ పక్కనే కూర్చుంది. మొదట్లో సావుకారమ్మా అనేది. ఆరు నెలలకు అక్కా అంది. వ్యాసాలు రాయడంలో శివమ్మ ముందు. సావిత్రమ్మ వెనక. లెక్కలకు మాత్రం శివమ్మ చెయ్యి వణికేది.

ఫలితాల రోజు బడి గోడ మీద కాగితం అంటించారు. పది మంది నంబర్లు ఉన్నాయి.

పదకొండోది లేదు.

లెక్కల్లో తప్పింది. సావిత్రమ్మ తన నంబరు మీద వేలు పెట్టి నవ్వుతూ వెనక్కి తిరిగేసరికి శివమ్మ అక్కడే ఉంది. "మంచిగైంది, సావుకారమ్మా," అంది.

అక్కా అనలేదు.

అంతే. చెప్పులు వేసుకొని వెళ్లిపోయింది.

పాసైన వాళ్ల పండుగకు తప్పినామెను ఎట్లా పిలవాలి? పిలిస్తే గుచ్చినట్టు. పిలవకపోతే... తోసినట్టు.

మూడు రోజులు ఆలోచించి సావిత్రమ్మ చిట్టీ రాసింది. జీవితంలో ఒక మనిషికి తన చేత్తో రాసిన మొదటి చిట్టీ. "ఆదివారం రా. నువ్వు లేకుంటే నాకు పండుగ లేదు." తమతో పాటు చదివిన, శివమ్మ కంపెనీలోనే పనిచేసే అరుణమ్మ చేతికి ఇచ్చి పంపింది.

జవాబు రాలేదు.

ఆదివారం వచ్చింది. వాన వచ్చింది.

సావిత్రమ్మ పిండి వత్తడం మొదలుపెట్టింది. వత్తి, కత్తితో ముక్కలు కోసింది. ఒకటి వెడల్పు, ఒకటి సన్నం, ఒకటి వంకర. ఆలుగడ్డలు ఉడుకుతున్నాయి. పోయిన దీపావళికి కొన్న గుండ్రటి ఓవెన్ గట్టు మీద వేడెక్కుతోంది, గాజు కన్నులోంచి ఎర్రటి తీగ కనిపిస్తూ.

గేటు చప్పుడైంది.

ప్లాస్టిక్ సంచి తలమీద కప్పుకొని, ఒడి నిండా మక్కకంకులతో శివమ్మ.

గడప బయటే ఆగి సంచి దులిపింది.

"చిట్టీ చదివిన," అంది శివమ్మ. "రెండు తప్పులున్నయ్, సావుకారమ్మా."

"యాడ?"

"ఆదివారంల దీర్ఘం లేదు. పండుగకు సున్న మరిచినవ్."

సావిత్రమ్మకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. పిండి చెయ్యి. ముఖమంతా మైదా అయింది.

"కంకులు మా చేన్లవి. ఆలుగడ్డ ఎవరైనా వెడ్తరు," అని శివమ్మ పీట లాక్కొని కూర్చుంది. ఆకులు ఒలిచింది. పాలుగారే గింజలు వలిచింది. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, జీలకర్ర, కొత్తిమీర. గింజలు నూనెలో చిటపటమన్నాయి. ఇల్లంతా వానకాలపు చేను వాసన నిండింది.

తర్వాత లేచి, వంకర ముక్కలను చూసింది. వాటిని పక్కకు నెట్టి, రెండో పిండి బిళ్లను నలుచదరంగా వత్తి, కత్తి అందుకుంది.

గీత. గీత. గీత.

"నిలువుకు ఎనిమిది. అడ్డానికి ఆరు. నలభై ఎనిమిది వస్తయ్. ఇసొంటి బిళ్ల ఇంకోటి జేస్తే తొంభై ఆరు. మనిషికి ఏడెనిమిది," అంది, తలెత్తకుండా.

అన్నీ ఒకే కొలత. అచ్చు పోసినట్టు.

సావిత్రమ్మ ఆ ముక్కలను చూసింది. ఆ చేతిని చూసింది. చెయ్యి వణకలేదు.

"మరి గిది లెక్క గాదా, శివమ్మా?"

కత్తి ఆగింది.

"గిది పిండి, అక్కా," అంది శివమ్మ మెల్లగా. "పిండి భయపెట్టది."

అక్కా.

సావిత్రమ్మ విన్నది. విననట్టే అంచులు తడిపి, త్రికోణాలుగా మడిచి, వేలితో నొక్కుతూ కూర్చుంది. ఒకరు కూర పెట్టారు. ఒకరు మడిచారు. పైన పాలు పూశారు.

మొదటి పన్నెండు ఓవెన్‌లోకి వెళ్లాయి. తెల్లటి త్రికోణాలు మెల్లగా ఉబ్బాయి. పొరలు విడాయి. అంచుకు బంగారు రంగు ఎక్కుతుండగా...

కరెంటు పోయింది.

పన్నెండు గంటలు దాటింది. నాలుగింటికి అందరూ వస్తారు. ఒంటిగంటకు కూడా కరెంటు రాలేదు. పళ్లాల్లో పచ్చి పఫ్‌లు. డాల్డా మెత్తబడుతోంది.

"నూనెల ఏద్దమా?" అంది శివమ్మ.

"ఏస్తే పూరీలైతయ్," అని సావిత్రమ్మ నేల మీద కూలబడింది. రెండేళ్లలో ఎప్పుడూ కూలబడని మనిషి.

అంతదాకా వరండాలో పేపరు చదువుతున్న కాశీనాథ్ లోపలికి వచ్చాడు. పళ్లాలు చూశాడు. భార్యను చూశాడు. గోడకున్న రెయిన్‌కోటు తీశాడు.

"రోడ్డు మీద బేకరీల భట్టి కట్టెలతోని మండుతది. దానికి కరెంటుతో ఏం పని? జల్దీ లే."

స్కూటరు. ముందు ఆయన. వెనక ఆమె. ఒళ్లో రెండు పళ్లాలు, ఒకదాని మీద ఒకటి. పైన రెయిన్‌కోటు పఫ్‌లకు కప్పారు, మనుషులు తడిశారు. ప్రతి గుంత దగ్గరా కాశీనాథ్ కాళ్లు కింద ఆనించి నడిపాడు. ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆయన అంత మెల్లగా బండి నడపడం ఆమె చూడలేదు.

బేకరీ మాస్టరు రెయిన్‌కోటు ఎత్తి చూశాడు. "ఇంత ఛోటా పఫ్ ఎవరు జేస్తరమ్మా?"

"మా ఆమె జేస్తది," అన్నాడు కాశీనాథ్. తల తుడుచుకుంటూ, ఇంకో మాట కూడా అన్నాడు. "టెన్త్ పాసైంది. సెకండ్ క్లాస్."

ఎవరూ అడగలేదు. ఆయనే చెప్పాడు.

పొద్దుటి బ్రెడ్డు దిగిన భట్టి ఇంకా కణకణమంటోంది. మాస్టరు పఫ్‌లను రేకుల మీద పేర్చి, పొడుగు చెక్కతో లోపలికి తోశాడు. కాసేపటికే వాసన వచ్చింది. వెన్నలాంటి వాసన, కాలిన మక్క వాసన... సావిత్రమ్మ తడి చీరతో భట్టి నోటి ముందు నిలబడి వెచ్చబడింది.

నాలుగింటికి అందరూ వచ్చారు.

భీమశంకరం సారుకు కుర్చీ. మిగతా వాళ్లంతా చాప మీద. మొదట ఒక్కొక్కటి తీసుకున్నారు. చాలు చాలన్నారు. తర్వాత చేతులు వాటంతట అవే కదిలాయి. కరకరమని పొర విరిగే చప్పుడు, లోపల తియ్యటి గింజ, వెనక నుంచి పచ్చిమిర్చి. అరుణమ్మ తొమ్మిది తిన్నదని ఎవరో అంటే అందరూ నవ్వారు. అరుణమ్మ పదోది తీసుకుంది.

సారు పాసైన వాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివాడు. చప్పట్లు. శివమ్మ కూడా కొట్టింది, గట్టిగా. పదో పేరు తర్వాత సారు కాగితం మడిచాడు.

అప్పుడు శివమ్మే మాట్లాడింది.

"నేను తప్పిన సారూ. గని ఇయ్యి తొంభై ఆరు గోసింది నేనే. ఒక్కటి గూడ వంకర పోలే."

సారు తన పళ్లెంలోని పఫ్‌ను తీసి, కళ్లద్దాలు సర్దుకొని, కాగితం దిద్దినంత శ్రద్ధగా చూశాడు.

"కర్ణం గీసినట్టు మడిచినవమ్మా," అన్నాడు. "గిది గూడ మన పుస్తకంలదే."

చెవులదాకా ఎర్రబడి శివమ్మ నీళ్ల చెంబు అందుకుంది.

చీకటి పడకముందే అందరూ లేచారు. వాన తెరిపిచ్చింది. సావిత్రమ్మ శివమ్మను బస్సు దాకా సాగనంపింది. రోడ్డంతా తడి మెరుపు. లారీలు నీళ్లు చిమ్ముతూ పోతున్నాయి. ఇద్దరూ చీరలు ఎత్తి పట్టుకొని పక్కపక్కనే నడిచారు.

"అక్టోబర్ల మళ్ల పరీక్ష ఉన్నదట," అంది సావిత్రమ్మ.

శివమ్మ ఒక నీటి గుంత దాటింది.

"పుస్తకం తీస్కొని రేపు ఇంటికి రా. ఇద్దరం జేద్దం. పిండి గూడ కలిపి పెడత."

బస్సు వచ్చింది. శివమ్మ ఎక్కింది. కిటికీ దగ్గర సీటు దొరికింది. అద్దం జరగలేదు, రెండు చేతులతో తోసింది. సందులోంచి ముఖం పెట్టింది.

"రేపు నాకు రెండో షిఫ్టు," అంది. "మంగళారం జూస్త."

వస్తనని కాదు. చూస్తనని.

బస్సు కదిలింది. ఎర్ర దీపాలు తడి రోడ్డు మీద సాగి, సాగి, లారీల్లో కలిసిపోయాయి. సావిత్రమ్మ చాలాసేపు అక్కడే నిలబడింది. చేతి వేళ్లకు ఇంకా మక్క వాసన.

మధ్యలో ఉన్నది ఒక్క సోమవారమే.